జమ్ముగడ్డిలోని గోధుమరంగు పిట్టను గుర్తుపట్టడం

విశాఖపట్నం నుంచి కొండకర్ల ఆవకో, మేఘాద్రి గెడ్డ జలాశయానికో పక్షులను చూడడానికి వెళ్ళేవారిని ఎక్కువగా తికమకపెట్టేవి గోధుమరంగు చిన్నపిట్టలే. వీటి విషయంలో రంగును నమ్ముకుంటే పని జరగదు. పిట్ట ఎక్కడ వాలిందో ముందు చూసి, ఆ తరువాత వీపునూ తోకనూ గమనించాలి.

నీటిలో నిలిచిన జమ్ము దుబ్బుల లోపలి నుంచి బొంగురుగా, గట్టిగా కూస్తూ, సుమారు 18 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుతో, చారలు లేని వీపుతో, పొడవాటి ముక్కుతో ఉన్న పిట్ట కాడను పట్టుకుని కనబడితే, అది క్లామరస్ రీడ్ వార్బ్లర్ అయ్యే అవకాశం ఎక్కువ.

గట్టు మీది గడ్డిలోనూ వరిచేలలోనూ తిరిగేది జిట్టింగ్ సిస్టికోలా. అది 10 నుంచి 12 సెంటీమీటర్లకు మించదు. వీపు నిండా ముదురు చారలుంటాయి. పొట్టి తోకను విసనకర్రలా విప్పినప్పుడు చివర తెల్లని అంచు కనబడుతుంది. గూడు కట్టే కాలంలో మగపిట్ట చేను మీదుగా ఎగుడుదిగుడుగా ఎగురుతూ ‘జిట్, జిట్’ అంటుంది కనుక, అప్పుడు దుర్భిణి కంటే చెవులే ఎక్కువ పనికివస్తాయి. అదే గడ్డిలో చారలు లేని వీపు, పొడవాటి సన్నని తోక కనబడితే ప్లెయిన్ ప్రీనియా అనుకోవచ్చు.

శీతాకాలంలో నీటికి దూరంగా, పొదలలోనూ చెట్లలోనూ ‘చక్, చక్’ అంటూ తిరిగేది చాలావరకు వలస వచ్చిన బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. ఫొటో దొరకకపోతే కూతను ఫోనులో రికార్డు చేసుకోండి గాని, పిట్టను బయటకు రప్పించడానికి మాత్రం రికార్డు చేసిన కూతను వినిపించకండి.