మెట్రాయిడ్ తలకి పట్టుకుంటే వదలట్లేదా? ఏ గేమ్‌లో ఏం చేయాలో చూడండి

నింటెండో వాళ్ల మెట్రాయిడ్ వీడియో గేముల్లో, మెట్రాయిడ్ అంటే మనం ఆడే పాత్ర పేరు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆవిడ పేరు సామస్ ఆరన్. మెట్రాయిడ్ అంటే ఆవిడ తలకి వచ్చి అతుక్కునే ఆ ఎగిరే పచ్చ బుడగ. చూడ్డానికి జెల్లీఫిష్‌లా ఉంటుంది, లోపల ఎర్రగా గుడ్ల లాంటివి, కింద కోరలు. 1986లో జపాన్‌లో ఫామికామ్ డిస్క్ సిస్టమ్ (నింటెండో గేమ్ మెషీన్‌కి తగిలించే డిస్క్ యూనిట్) మీద మొదటి గేమ్ వచ్చినప్పటి నుంచీ దాని పని ఒక్కటే, ఎదురుగా ఉన్నదాని ప్రాణం పీల్చేయడం. గేమంతా హాయిగా ఆడుకుంటూ వచ్చి, చివర్లో టూరియన్ అనే ఏరియాలో ఈ జీవి దగ్గర చేతులెత్తేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఎవరికి ఏది ఎక్కడ అడ్డం తగులుతుందో ఇక్కడ రాస్తున్నా.

సమస్య: ఎన్నిసార్లు కొట్టినా దానికి ఏమీ అవట్లేదు

మొదటి గేమ్ (ఎన్ఈఎస్ది, అంటే జపాన్ బయట అమ్మిన ఫామికామ్‌ది) ఆడుతుంటే 90 శాతం కారణం ఒకటే: మీ దగ్గర ఐస్ బీమ్ (తగిలినదాన్ని గడ్డకట్టించే కిరణం) లేదు. గడ్డకట్టించకుండా మెట్రాయిడ్ మీద మిసైల్స్ ఎన్ని వదిలినా దండగే. "నేను ఐస్ బీమ్ ఎప్పుడో తీసుకున్నా కదా" అంటారా, ఆ తర్వాత నోర్‌ఫెయిర్ అనే ఏరియాలో వేవ్ బీమ్ (ఇంకో రకం కిరణం) కూడా తీసుకుని ఉంటారు, ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ గేమ్‌లో ఈ రెండూ కలిసి ఉండవు, కొత్తది తీసుకుంటే పాతది పోతుంది. గేమ్ ఆ సంగతి ఎక్కడా చెప్పదు, మనం అప్‌గ్రేడ్ దొరికిందని సంబరపడతాం. తీరా టూరియన్‌కి వెళ్లాక తెలుస్తుంది.

పరిష్కారం: వెనక్కి వెళ్లి ఐస్ బీమ్ మళ్లీ తీసుకోవడమే. బ్రిన్‌స్టార్ అనే ఏరియాలో ఒకటి, నోర్‌ఫెయిర్‌లో ఒకటి ఉంటాయి, మీరు వేవ్‌తో ఉంటే అవి మళ్లీ కనిపిస్తాయి. ఎటూ వెనక్కి వెళ్తున్నారు కాబట్టి, గొట్టాల్లోంచి ఆగకుండా వచ్చే ఆ చిన్న పురుగుల దగ్గర నిలబడి ఎనర్జీ, మిసైల్స్ నింపుకోండి. బోరింగ్ పనే, కానీ ఆ గేమ్‌లో చచ్చి మళ్లీ మొదలుపెడితే ఎన్ని ట్యాంకులున్నా చేతికిచ్చేది 30 ఎనర్జీ మాత్రమే. ఆ 30తో మెట్రాయిడ్ల గదిలోకి వెళ్లడమంటే మళ్లీ చావడానికి వెళ్లడమే.

1994లో వచ్చిన సూపర్ మెట్రాయిడ్‌లో ఈ బాధ లేదు, ఐస్, వేవ్ రెండూ ఒకేసారి వాడుకోవచ్చు. మెనూలో ఐస్ ఆఫ్ చేసి మర్చిపోయారేమో మాత్రం చూసుకోండి.

సమస్య: గడ్డకట్టింది, కానీ చంపేలోపే లేచి మీదకి వస్తోంది

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను రెండు రోజులు కొట్టుకున్నది దీంతోనే. ఐస్ బీమ్ ఉంది, మిసైల్స్ ఉన్నాయి, అది నా ముందే నీలంగా బిగుసుకుపోయి గాల్లో ఆగిపోతోంది. నేను టపటపా బటన్ నొక్కుతున్నా. అది టక్కున విడిపోయి తల మీదకి వచ్చేస్తోంది. మంచు ఇంత తొందరగా కరిగిపోతే ఇక దీన్ని చంపేదెలా అని తిట్టుకుంటుంటే, పక్కన పల్లీలు తింటూ చూస్తున్న మా తమ్ముడు "అన్నా, నువ్వు సెలెక్ట్ నొక్కట్లేదు, బీమే కొడుతున్నావు" అన్నాడు.

అదీ అసలు కారణం. సెలెక్ట్ బటన్ నొక్కితేనే బీమ్ నుంచి మిసైల్స్‌కి మారతాం. ఎన్ఈఎస్ గేమ్‌లో గడ్డకట్టినదాన్ని ఐస్ బీమ్‌తోనే ఇంకోసారి కొడితే మంచు విడిపోతుంది. అంటే మంచు దానంతటది కరగలేదు, టెన్షన్‌లో నేనే విడిపిస్తున్నా.

కాబట్టి వరస ఇది: ఒక్క బీమ్, ఆగండి, సెలెక్ట్, తర్వాత వరసగా 5 మిసైల్స్. లెక్క పైకి అనుకుంటూ కొట్టండి, సిగ్గుపడక్కర్లేదు. మిసైల్ మోడ్‌లోకి వెళ్లారో లేదో తెలియాలంటే స్క్రీన్ పైన అంకెలు చూడక్కర్లేదు, సామస్ సూట్ రంగు మారుతుంది, అది కంటి చివర నుంచే కనిపిస్తుంది. అయిదోది తగిలాక వెంటనే మళ్లీ సెలెక్ట్ నొక్కి బీమ్‌కి వచ్చేయండి, ఎందుకంటే రెండో మెట్రాయిడ్ ఈపాటికి వచ్చేస్తూ ఉంటుంది. రెండు కలిసి వస్తే ముందు రెండింటినీ గడ్డకట్టించి, ఆ తర్వాత ఒక్కొక్కదాని పని చూడండి. ఒకదాన్ని పూర్తిగా చంపాకే రెండోదాన్ని చూద్దామనుకుంటే ఆ రెండోది ఆగదు.

సమస్య: తలకి పట్టేసింది, ఎనర్జీ నీళ్లలా కారిపోతోంది

దీనిది ఉడుం పట్టు. ఎగిరినా, పరిగెత్తినా, తిరిగి కాల్చినా లాభం లేదు, ఎందుకంటే అది మీ మీదే ఉంది, తుపాకీ ముందుకు చూస్తోంది. చాలామంది ఇక్కడ ఖంగారుపడి జంప్ నొక్కుతూనే ఉంటారు.

కిందకి నొక్కి బంతిలా మారండి (మార్ఫ్ బాల్), బాంబు పెట్టండి. పేలుడికి అది ఎగిరి పక్కకి పడుతుంది. పాత గేమ్‌లో ఒక బాంబుకి వదలకపోవచ్చు, రెండుమూడు పెట్టండి. వదిలిన క్షణంలో పారిపోకండి, లేచి నిలబడి వెంటనే ఐస్ బీమ్ వేయండి. పారిపోతే వెనకనుంచి మళ్లీ పట్టుకుంటుంది, దానికి గోడలు గీడలు ఏమీ తెలియవు అన్నంత పట్టుదల. సూపర్ మెట్రాయిడ్‌లో మాత్రం ఒక చిన్న చిక్కుంది: పవర్ బాంబు సెలెక్ట్ అయి ఉంటే బంతిలో ఉన్నప్పుడు మామూలు బాంబుకి బదులు అదే పడుతుంది. అవసరానికి దాచుకున్నది వృథా అయిందని ఏడవకండి, ఆ గేమ్‌లో పవర్ బాంబు దెబ్బ మెట్రాయిడ్‌కి మంచు లేకపోయినా తగులుతుంది.

సమస్య: టూరియన్‌లో బూడిద రంగు తలుపు తెరుచుకోవట్లేదు (సూపర్)

గదిలో ఇంకో మెట్రాయిడ్ బతికే ఉంది. పైన మూల చూడండి. అన్నీ చస్తేనే తెరుచుకుంటుంది.

సమస్య: ఆ తర్వాత వచ్చే భారీ మెట్రాయిడ్‌కి ఏదీ తగలట్లేదు

ముట్టుకుంటే ఇసుకలా రాలిపోయే శవాలు కనిపిస్తాయి చూడండి, అవి దాటాక వచ్చేది. దాని మీద నేను ఉన్న మిసైల్స్ అన్నీ తగలేశాను. మీరు చేయకండి. అది చావదు, గడ్డకట్టదు, చంపాల్సిన అవసరమూ లేదు. మీ ఎనర్జీ మొత్తం పీల్చి, 1 దగ్గరికి వచ్చాక అదే వదిలేస్తుంది. ఎందుకు వదిలేస్తుందంటే, అది ఎస్ఆర్388 గ్రహంలో గుడ్డులోంచి బయటికొస్తూ సామస్‌ని చూసి అమ్మ అనుకున్న పిల్లే. చేతులు కట్టుకుని చూడండి, అది వెళ్లాక జాగ్రత్తగా ముందుకు నడిస్తే ఎనర్జీ నింపుకునే గది వస్తుంది. మొదటిసారి ఆడేవాళ్లకి ఇది చెప్పేయడం అన్యాయమే, కానీ మదర్ బ్రెయిన్ (చివరి బాస్) దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లడం ఇంకా అన్యాయం.

సమస్య: ప్రైమ్‌లో ల్యాబ్ లైట్లు పోయాయి, గాజు తొట్లు పగిలి ఇవి బయటికొచ్చాయి, ఐస్ బీమ్ ఇంకా రాలేదు

2002 నాటి మెట్రాయిడ్ ప్రైమ్ అయినా, 2023లో స్విచ్‌కి వచ్చిన రీమాస్టర్డ్ అయినా ఫెండ్రానా ల్యాబ్‌లో ఇదే సీను. థర్మల్ వైజర్ (వేడిని చూపించే కళ్లద్దం) తీసుకోగానే కరెంటు పోతుంది. ఐస్ బీమ్ దొరికేది ఆ తర్వాతే, కాబట్టి పాత గేముల అలవాటుతో "ఐస్ లేకుండా ఎలా" అని ఆగిపోకండి. ఇక్కడ మెట్రాయిడ్లకి మిసైల్స్, చార్జ్ షాట్లు (బటన్ పట్టుకుని వదిలే బలమైన దెబ్బలు) మామూలుగానే తగులుతాయి. గురి దాని మీదే లాక్ చేసి పట్టుకోండి, అది ఒక్క క్షణం ఆగి మీదకి దూకుతుంది, ఆ క్షణంలో పక్కకి డాష్ చేయండి, తిరిగి కొట్టండి. పట్టేసిందంటే మళ్లీ అదే మందు, బంతి, బాంబు. తర్వాత ఐస్ బీమ్ వచ్చాక గడ్డకట్టించి ఒక్క మిసైల్ వదిలితే ముక్కలైపోతుంది, అప్పుడు మాత్రం పాత కక్ష తీర్చుకున్నట్టు ఉంటుంది.

ఇదే గేమ్ చివర్లో ఫిషన్ మెట్రాయిడ్లు ఉంటాయి. కొడితే ఒకటి రెండవుతుంది, ఆ రెండూ రంగులతో పుడతాయి. రంగుకి సరిపోయే బీమ్‌తోనే చస్తాయి: పసుపుకి పవర్, ఊదాకి వేవ్, తెలుపుకి ఐస్, ఎరుపుకి ప్లాస్మా. నా సలహా అడిగితే, దారి ఉన్నచోట వాటిని పట్టించుకోకుండా దాటేయండి.

సమస్య: మెట్రాయిడ్ 2లో ఒక్కటే మిగిలిందనుకుంటే లెక్క పెరిగింది

గేమ్ పాడవలేదు. 1991 గేమ్ బాయ్ గేమ్ ఇలాగే చేస్తుంది, 1 ఉన్న అంకె 9 అవుతుంది. అప్పటిదాకా మీరు చంపినవి ఆల్ఫా, గామా, జీటా, ఒమేగా అని ఎదిగిన రకాలు, వాటికి మిసైల్స్ చాలు, మంచు అక్కర్లేదు. ఇప్పుడు వచ్చిన 8 మాత్రం పిల్ల మెట్రాయిడ్లు, వాటికి మళ్లీ ఐస్ బీమే కావాలి, ఇక్కడా ఒకసారికి ఒక్క రకం బీమే ఉంచుకోగలం. ప్లాస్మా పట్టుకుని గొప్పగా లోపలికి వెళ్లారంటే వెనక్కి రావాల్సిందే. తొమ్మిదోది క్వీన్, అంటే మెట్రాయిడ్ల రాణి.

ఇంకొక్క మాట, స్విచ్ ఆన్‌లైన్‌లో (నింటెండో చందా సర్వీసు) ఈ పాత గేములు ఆడుతుంటే జడ్ఎల్, జడ్ఆర్ బటన్లు కలిపి నొక్కితే ఆటని వెనక్కి తిప్పుకోవచ్చు. మోసం అనేవాళ్లని అననివ్వండి. టూరియన్ మొదటి గదిలో నేను దాన్ని ఎన్నిసార్లు నొక్కానో మా తమ్ముడికి తెలుసు, నేను పల్లీలు తెస్తే నోరు మూసుకుంటానని వాడు ఒప్పుకున్నాడు.