అపార్ట్‌మెంట్ ఎన్నికల లెక్క ఎవరైనా సరిచూసుకునేలా పెట్టండి ఇలా

తిరుపతిలో మన అపార్ట్‌మెంట్ల ఎన్నికలు అయ్యాక "చీటీలు లెక్కపెట్టింది ఎవరప్పా?" అనే గొడవ రాకూడదంటే బెలెనియోస్ అనే ఉచిత ఆన్‌లైన్ ఓటింగ్ సాఫ్ట్‌వేర్ వాడి చూడండి, ఫ్రాన్స్ పరిశోధకులు చేసింది.

ముందు ఓటున్న ఫ్లాట్ల జాబితా నోటీసు బోర్డులో అంటించండి. దొంగ ఓటరు అందులో దూరితే ఈ సాఫ్ట్‌వేర్ వెనకున్న ఏ గణితమూ పట్టుకోలేదు.

అసలు జాగ్రత్తంతా కీల దగ్గర. ఫలితం తెరిచే రహస్య కీని, అంటే పాస్‌వర్డ్ లాంటి డిజిటల్ తాళంచెవిని, ఒక్కరికే ఇవ్వకుండా, ఒకరితో ఒకరికి పడని ముగ్గురికి పంచి, ఏ ఇద్దరు కలిసినా తెరుచుకునేలా సెట్ చేయండి. 2025లో ఐఏసీఆర్ అనే క్రిప్టాలజీ (రహస్య సంకేతాల శాస్త్రం) పరిశోధకుల సంఘమే తన ఎన్నికలో ముగ్గురి కీలూ తప్పనిసరి అని పెట్టుకుంది, అందులో ఒకరు కీ పోగొట్టుకునేసరికి ఫలితం తీయలేక ఎన్నిక మళ్ళీ జరపాల్సి వచ్చింది.

ఓటు మన ఫోన్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరూ చదవలేని రహస్య సంకేతంగా మారి వెళ్తుంది, స్క్రీన్ మీద ఒక ట్రాకింగ్ కోడ్ వస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకోమని పెద్దవాళ్ళకి ఒకటికి రెండుసార్లు చెప్పండి. అందరికీ కనిపించే ఓట్ల పెట్టె పేజీలో అదే కోడ్ ఉంటే ఓటు చేరినట్టే, కానీ ఎవరికి వేశారో దాన్ని చూసి చెప్పలేరు. లెక్కింపులో కూడా విడి ఓట్లు తెరవరు, ఎన్‌క్రిప్ట్ అయిన వాటినే కలిపి మొత్తాన్ని మాత్రం తెరుస్తారు.

పక్కన నిలబడి ఒత్తిడి చేసేవాళ్ళని ఇది ఆపలేదు, కాబట్టి అసెంబ్లీ ఎన్నికలకి వద్దనే అంటాను.

చివర్లో ఎన్నిక డేటా డౌన్‌లోడ్ చేసి లెక్క సరిగ్గా ఉందో లేదో వెరిఫై చేయించండి, ఓడినవాళ్ళ తరఫు కుర్రాడైతే ఇంకా మంచిది.