స్పిట్‌ఫైర్ ఎక్కే ముందు జాగ్రత్తలు

విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం చూసొచ్చిన ఊపులో మా మేనల్లుడు నా ఫ్లైట్ సిమ్యులేటర్ మీద పడ్డాడు, అందులో స్పిట్‌ఫైర్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం) నడపాలని. వాడి కోసం మానిటర్ పక్కన అంటించిన కాగితం ఇది.

☐ జాయ్‌స్టిక్ మీంచి చెయ్యి తీసెయ్. అయినా తెరమీద గుర్తు వణుకుతోందా? డెడ్‌జోన్ (స్టిక్ కొద్దిగా కదిలినా పట్టించుకోని మేర) కాస్త పెంచు. మన ఉప్పుగాలికి ఏ వస్తువూ బాగుండదు.

☐ చక్రాల కుర్చీ వద్దు. పెడల్ తొక్కితే నువ్వే వెనక్కి పోతావు.

☐ థ్రాటిల్ ఒక్కసారిగా తోసెయ్యకు. మెర్లిన్ ఇంజిన్ ఉన్న స్పిట్‌ఫైర్ టేకాఫ్‌లో ఎడమకి లాగుతుంది. కుడి పెడల్ మీద కాలు సిద్ధంగా ఉంచి, పవర్ మెల్లగా పెంచు. గ్రిఫన్ ఇంజిన్‌ది కుడికి లాగుతుంది, దాని ప్రొపెల్లర్ ఎదురు దిక్కులో తిరుగుతుంది మరి. ఏ ఇంజినో చూశాకే రడ్డర్ ట్రిమ్ (తోక చుక్కానిని ఒక పక్కకి సర్ది ఉంచేది) తిప్పు. నేను చూడకుండా తిప్పి, నేరుగా హ్యాంగర్‌లోకి దూరాను.

☐ 1940 నాటి మోడలైతే స్టిక్‌ని ముందుకు గట్టిగా తొయ్యకు. నెగెటివ్ జీలో (ఒళ్లు సీట్లోంచి పైకి తేలినట్టుండే స్థితిలో) కార్బురేటర్ దెబ్బకి ఇంజిన్ దగ్గుతుంది. విమానాన్ని బోర్లా తిప్పి, అప్పుడు స్టిక్ లాగు. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109 విమానానికి ఆ బాధ లేదు, పెట్రోలు నేరుగా సిలిండర్లలోకే వెళ్తుంది.

☐ ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) టేకాఫ్‌కి ముట్టుకోకు. పూర్తిగా పైకి, పూర్తిగా కిందికి, అంతే, మధ్యలో ఆగవు.

☐ యూపీఎస్ ఆన్ చేశావా?