పిడుగుల కాలానికి ముందే హామ్ రేడియో కేంద్రానికి ఎర్తింగ్ ఎలా చేయాలి?

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొత్తగా హామ్ రేడియో (సరదాగా, అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్సు తీసుకున్న మిత్రులు పిలిచి చూపించే కేంద్రాల్లో చాలావాటిలో నాకు ఒకే తప్పు కనిపిస్తుంది. రేడియో ఖరీదైనదే, డాబా మీద మాస్ట్ (యాంటెనాను ఎత్తి పట్టే స్తంభం) నిటారుగానే ఉంటుంది, యాంటెనా కూడా కొలత ప్రకారమే కట్టి ఉంటుంది. ఎర్త్ మాత్రం కిటికీ కింద దిగ్గొట్టిన రెండడుగుల ఇనుప చువ్వ, దాని మెడకు మెలిపెట్టి చుట్టిన పచ్చ తీగ. "రేడియోకి సెపరేట్ ఎర్త్ వేయించానండీ" అని గర్వంగా చెబుతారు. ఆ సెపరేట్ ఎర్తే కొంప ముంచుతుందని చెబితే ఎవరూ నమ్మరు కాబట్టి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

లైసెన్సు రాకముందు ట్రాన్స్‌మిట్ చేయకూడదని, దరఖాస్తు టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. భోగాపురం విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లవారు మాత్రం మాస్ట్ ఎత్తు విషయం ముందుగానే విచారించుకోవాలి.

సామాన్లు

మూడు మీటర్ల పొడవు, 40 మి.మీ. వ్యాసం గల జీఐ (జింకు పూత పూసిన ఇనుము) పైపులు కనీసం మూడు, 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం గల జీఐ పట్టీ, ఇంటి చుట్టుకొలతకు సరిపడా. స్టెయిన్‌లెస్ బోల్టులు, క్లాంపులు. అడుగు పొడవు, అరడుగు వెడల్పు గల జీఐ ప్లేటు ఒకటి. రేడియో నుంచి యాంటెనాకు వెళ్లే ప్రతి కోయాక్స్ కేబులుకూ గ్యాస్ ట్యూబ్ ఉన్న అరెస్టరు (హెచ్చు వోల్టేజీని ఎర్త్‌లోకి మళ్లించేది) ఒకటి. ఇంతే.

రాగి వాడకూడదు. రాగి మంచి వాహకమే, కాదనను. కానీ జీఐ మాస్టు కాలికి రాగి పట్టీ నేరుగా బిగిస్తే మన తీరపు ఉప్పుగాలిలో ఆ రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి, జింకు పూతను తినేస్తుంది. మొదటి లోహం నుంచి చివరి లోహం వరకూ జీఐయే ఉంటే ఆ బాధ లేదు. పైగా, గోడ వెంట రాగి పట్టీ మెరుస్తూ కనబడితే తెల్లారేసరికి అది అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు.

మాస్ట్, యాంటెనా

20 మీటర్ల బ్యాండుకు (14 మెగాహెర్ట్జ్) ఒక హాఫ్‌వేవ్ డైపోల్, అంటే తరంగంలో సగం పొడవుండే రెండు చేతుల తీగ యాంటెనా, చాలు. 143ని మెగాహెర్ట్జ్‌లో ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది, 14.2కు సుమారు 10.07 మీటర్లు, అంటే ఒక్కో చేయి ఐదు మీటర్ల పైచిలుకు. కాస్త పొడవుగానే కోసి, పైకెత్తి, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా నుంచి శక్తి ఎంత తిరిగొస్తుందో చెప్పే కొలత) చూస్తూ రెండు చివర్లా సమంగా కత్తిరించుకోవాలి. నేల నుంచి పది మీటర్ల ఎత్తుంటే తరంగం దిగంతానికి దగ్గరగా సాగి దూరదేశాలకు అందుతుంది. తీగను ఈశాన్యం నుంచి నైరుతికి కడితే దాని బలం వాయవ్యానికీ ఆగ్నేయానికీ పోతుంది. మన జిల్లాల నుంచి చూస్తే యూరప్ వాయవ్యాన, ఆస్ట్రేలియా ఆగ్నేయాన ఉన్నాయి. సాయంత్రం పొద్దువాలే వేళ 14 మెగాహెర్ట్జ్‌లో కూర్చుంటే యూరప్ స్టేషన్లు వాటంతట అవే వినబడతాయి.

మాస్ట్ విషయంలో నాది ఒకటే నియమం: దించడానికి వీలుకాని మాస్ట్ మన తీరాన నిలబెట్టకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటి గాలికి కాంక్రీటులో పాతిన టవరు కూడా వంగుతుంది. అడుగున కీలు పెట్టి నిలబెట్టిన గొట్టం మాస్టునైతే హెచ్చరిక అందిన సాయంత్రమే ఇద్దరు మనుషులు తాడు పట్టి పడుకోబెట్టేయవచ్చు. కొబ్బరి చెట్టుకు తీగ కట్టే వారున్నారు. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా తీగ తెగుతుందన్నది అలా ఉంచితే, పెరట్లో అన్నిటికన్నా ఎత్తుగా ఉండే ఆ చెట్టు మీదికే పిడుగు ముందుగా వస్తుంది. మొవ్వు మాడిన కొబ్బరి చెట్టు చూడని ఊరు మనకు లేదు.

పైపులు దించడం

పైపులు మాస్ట్ మొదట్లో ఒకటి, దానికి చెరోవైపు ఒకటి చొప్పున దించాలి. ఒకదానికొకటి వాటి పొడవుకు రెట్టింపు దూరంలో, అంటే ఆరు మీటర్ల ఎడంగా ఉండాలి; దగ్గరగా దిగేస్తే రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి, రెండో పైపు డబ్బు దండగ. విజయనగరం వైపు ఎర్ర గ్రావెల్ నేలల్లో ఐదడుగులు దిగగానే గునపం రాయికి తగిలి మోగుతుంది. అక్కడ మొండికేసి పైపును కోసి కురచ చేయడం కన్నా, అరమీటరు లోతు కాలువ తవ్వి పట్టీనే అడ్డంగా, పొడుగ్గా పరచడం మేలు. కళింగపట్నం, బారువ వంటి తీర గ్రామాల్లో పై ఇసుక పొడిగా ఉన్నా లోతున తడి దొరుకుతుంది, అక్కడ నిలువు పైపే మంచిది.

ఒక సంగతి ఎవరూ ఆలోచించరు. మనకు పిడుగులు ఎక్కువగా పడేది ఏప్రిల్, మే నెలల అకాల వర్షాల్లో. నేల ఎండి బీటలు వారి, ఎర్త్ అత్యంత బలహీనంగా ఉండేదీ అప్పుడే. అందుకని పెరట్లో స్నానాల గది తూము నీళ్లు పారే చోట, అరటి పిలకలున్న చోట ఒక పైపు దించాలి. గొయ్యిలో బొగ్గు వేయవచ్చు కాని ఉప్పు వేయకూడదు. ఉప్పు మొదటి రెండు వానలకే కరిగి పోతుంది, పోయే ముందు జీఐ పైపును కొరికి పోతుంది. ఉప్పుకు బదులు బెంటొనైట్ మట్టి దొరికితే అదే వేయాలి.

అన్ని ఎర్తులనూ ఒక్కటి చేయడం

అసలు పని ఇది. ఇక్కడ తొందరపడేవారు మిగతాదంతా చేయకపోయినా ఒకటే.

మాస్ట్ ఎర్త్, రేడియో ఎర్త్, ఇంటి కరెంటు ఎర్త్ అనే మూడు వేరువేరు ఎర్తులు ఉండకూడదు. మూడింటినీ ఇంటి బయట, భూమిలో, పట్టీతో కలిపి ఒక్కటి చేయాలి. ఈ మాట చెప్పగానే ఎలక్ట్రీషియన్లు అడ్డుపడతారు. మా ఇంటికి వైరింగు చేసిన మేస్త్రీ కూడా "రెండూ కలిపితే పిడుగు ఇంట్లోకి వచ్చేస్తుంది బాబూ" అని నాకు నచ్చజెప్పాడు. నేనూ అప్పట్లో నమ్మి, రేడియోకు పెరటి చివర కొబ్బరి చెట్టు మొదట్లో వేరే చువ్వ వేయించుకున్నాను.

కొన్నేళ్ల కిందట మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ చెట్టు మీద పిడుగు పడింది. యాంటెనా కేబులు అప్పటికే విప్పి ఉంది. అయినా రేడియో చచ్చిపోయింది. మూత విప్పి చూస్తే వెనక ఎర్త్ స్క్రూ చెక్కు చెదరలేదు. లోపల బోర్డు మీద, పవర్ సప్లై నెగెటివ్ తీగ వచ్చి కలిసే చోట, వేలు వెడల్పున ఉండాల్సిన రాగి గీత ఆవిరైపోయి, దాని స్థానంలో గోధుమ రంగు మరక మాత్రం మిగిలింది. పవర్ సప్లై ప్లగ్గును సాకెట్ నుంచి లాగితే దాని ఎర్త్ పిన్ను నీలి నలుపుగా మాడి ఉంది. పిడుగు యాంటెనా దారిన రాలేదు. నేను కొని, తవ్వించి, బిగించిన ఎర్త్ దారినే వచ్చింది.

ఎందుకలా అయిందో లెక్క కట్టి చూడవచ్చు. ఆ చువ్వ నిరోధం 20 ఓంలు అనుకుందాం. పిడుగు కరెంటు సాధారణంగా 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. అందులో వెయ్యి ఆంపియర్లు మాత్రమే చువ్వలోకి దిగినా, చువ్వా దానికి కట్టిన రేడియో పెట్టే ఒక్కసారిగా 20,000 వోల్టులకు లేస్తాయి. అదే క్షణంలో ఇంటి ఎర్త్, దానికి కట్టిన పవర్ సప్లై దాదాపు సున్నా దగ్గరే ఉంటాయి. ఆ రెండు ఎర్తుల మధ్య ఉన్న ఏకైక దారి రేడియో. రెండూ ముందే బయట కలిసి ఉంటే, రెండూ కలిసే లేస్తాయి, కలిసే దిగుతాయి. నడుమ ఉన్న రేడియోకు తేడా దాదాపు తెలియదు. వరద నీటిలో పడవా, అందులోని బిందే కలిసి లేచినట్టు.

కలిపే తీరు ఇది. మాస్ట్ కాలి నుంచి పట్టీ బయలుదేరి, గోడకు సుమారు మీటరు ఎడంగా, అరమీటరు లోతున ఇంటి చుట్టూ నడిచి, దారిలో ఉన్న ప్రతి పైపునూ తాకి, చివరకు మీటరు బోర్డు దగ్గరి ఇంటి ఎర్త్ గొయ్యిలో కలవాలి. కేంద్రం ఇంటి వెనక, మీటరు ఇంటి ముందు ఉంటే ఇది ఇరవై మీటర్ల తవ్వకం. ఖర్చనిపించి, ఇంట్లోంచి ఒక సన్నని పచ్చ తీగ లాగేసి సరిపెట్టుకునేవారిని చూశాను. పిడుగు కరెంటు కొద్ది మైక్రోసెకన్లలో పెరుగుతుంది. అంత వేగానికి తీగ నిరోధం కన్నా ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) అడ్డు పడుతుంది. మీటరు తిన్నని తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఉంటుంది. మైక్రోసెకనుకు 10,000 ఆంపియర్ల చొప్పున పెరిగే కరెంటుకు ఆ ఒక్క మీటరులోనే 10,000 వోల్టులు పుడతాయి. అందుకే గుండ్రని తీగ కాదు, వెడల్పు పట్టీ; అందుకే మెలికలు, లంబకోణపు మలుపులు పనికిరావు, మలుపు తిప్పక తప్పని చోట జానెడు వ్యాసార్ధంతో వంపు తిప్పాలి. అతుకులు టంకం వేయకూడదు. పిడుగు వేడికి టంకం కరిగి ఊడుతుంది. వెల్డింగ్ చేసి, చల్లారాక జింకు రంగు, దాని మీద తారు పూయాలి.

ఇంటి ఎర్త్‌తో కలిపే ముందు, అసలు ఇంటికి ఎర్త్ ఉందో లేదో తేల్చుకోవాలి. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది, మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, కొందరు ఆ మూడో రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపేసి ఎర్త్ అని చెబుతారు. అలాంటి ఇంట్లో నేను చెప్పినట్టు అన్నీ కలిపితే, వీధిలో న్యూట్రల్ తెగిన రోజున రేడియో పెట్టె, కోయాక్స్ పై అల్లిక, మాస్ట్, దాన్ని లాగి పట్టే గై వైర్లు అన్నిటికీ కరెంటు ఎక్కుతుంది. గై వైరు మీద తడి బట్టలు ఆరేసే ఇళ్లు మనవి. కాబట్టి మెయిన్ ఆపి, ఎర్త్ టెస్టరు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించి, న్యూట్రల్‌తో ఏ కలయికా లేదని కళ్లతో చూసి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించిన తర్వాతే కలపాలి. మీటరు సీలు జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు.

చివరగా కిటికీ. జీఐ ప్లేటును కేబుళ్లు లోపలికి వచ్చే చోట, గోడకు బయట, వాన తగలని పెట్టెలో బిగించి, దాని నుంచి పొట్టి పట్టీ తిన్నగా కింది పట్టీకి దింపాలి. అరెస్టర్లన్నీ ఆ ప్లేటుకే. యాంటెనా కేబుళ్లే కాదు, రేడియో బల్లకు వచ్చే కరెంటు బోర్డు సర్జ్ ప్రొటెక్టరు, ఇంటర్నెట్ కేబులు కూడా ఆ ప్లేటు దగ్గరే ఎర్త్‌ను తాకి లోపలికి రావాలి. ఒక్క తీగ వేరే కిటికీ నుంచి దూరినా, ఇంతసేపూ చేసిన పని వృథా.

ఇదంతా చేస్తే సిగ్నల్ పెరుగుతుందా అని అడుగుతారు. పెరగదు. డైపోల్‌కు నేల అవసరం లేదు. దూరం కావాలంటే ఎత్తు పెంచుకోవాలి.

కొలత, ఆ తర్వాత

ఎర్త్ టెస్టరు కరెంటు చువ్వను, కొలిచే ఎర్త్ నుంచి ముప్పై మీటర్ల దూరాన గుచ్చితే, వోల్టేజీ చువ్వను అందులో సుమారు 62 శాతం, అంటే పద్దెనిమిదిన్నర మీటర్ల దగ్గర గుచ్చాలి. పది ఓంల లోపు రావాలి. కొలవాల్సింది మార్చి చివర, నేల ఎండినప్పుడు. ఆగస్టులో కొలిచి తక్కువ వచ్చిందని మురిసిపోతే అది ఎర్త్ గొప్ప కాదు, వాన గొప్ప.

ఇంత చేసినా మబ్బు పట్టినప్పుడు కేబులు విప్పాల్సిందే. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ గాని, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ సందేశం గాని మోగితే సరే; లేకపోతే మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం తెలుస్తుంది. ముప్పై సెకన్లకు తగ్గిందంటే ప్లేటు దగ్గరికి కూడా వెళ్లకూడదు, ఆలస్యమైపోయింది. విప్పిన కేబులు కొసను బయట ప్లేటు దగ్గరే వదలాలి గాని బల్ల మీదికి తెచ్చి పెట్టకూడదు. గాజు సీసాలో దూర్చి పెట్టే ఆనవాయితీ ఒకటుంది, మబ్బుల నుంచి నేల దాకా గాలిని చీల్చుకొచ్చిన పిడుగును ఆ గాజు ఆపదు.

కేబులు విప్పిన వెంటనే "యాంటెనా లేదు" అని రాసిన అట్టముక్కను మైకు మెడకు తగిలించాలి. వాన వెలిశాక ఉత్సాహంగా వచ్చి, కేబులు సంగతి మరచి మైకు నొక్కి, పిడుగు వదిలేసిన ఫైనల్ ట్రాన్సిస్టర్లను (సిగ్నల్‌ను బలపరిచి యాంటెనాకు పంపేవి) నా చేతులతోనే ఒకసారి కాల్చుకున్నాను.