స్పూల్ టేప్ రికార్డర్‌కి డిన్ ప్లగ్ వెతుక్కోవడం, కట్టుకోవడం

పాత ఫిలిప్స్, గ్రుండిగ్ స్పూల్ మెషీన్ల వెనక గుండ్రటి 5 పిన్నుల డిన్ సాకెట్ ఉంటుంది. ప్లగ్ దొరకలేదని దాన్ని పీకేసి, క్యాబినెట్‌కి డ్రిల్లు పెట్టి ఆర్‌సీఏ సాకెట్లు (ఎడమకొకటి, కుడికొకటి ఉండే మామూలు ఆడియో సాకెట్లు) బిగించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ప్లగ్ ఇప్పటికీ తయారవుతోంది. ఎలక్ట్రానిక్ వాయిద్యాలని ఒకదానికొకటి కలిపే మిడి పద్ధతి 1983లో వచ్చింది, అది కూడా ఇదే ప్లగ్ వాడుకుంది మరి.

కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ‘డిన్ ప్లగ్’ అంటే కుర్రాళ్లు తెల్లమొహం వేస్తే ‘మిడి ప్లగ్’ అని అడగండి. పిన్నులు సరిగ్గా అర్ధవృత్తంలో ఉన్న 180 డిగ్రీలదే తీసుకోండి. 240 డిగ్రీలది చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ దూరదు. రెడీమేడ్ మిడి కేబుల్ మాత్రం కొనకండి. చాలావాటిలో 2, 4, 5 పిన్నులకే వైరు ఉంటుంది. స్టీరియో మెషీన్‌కి పెడితే కుడి స్పీకరొక్కటే పలుకుతుంది. పాత పీసీ కీబోర్డు వైరుదీ దాదాపు ఇదే కథ. విడి ప్లగ్, మంచి షీల్డెడ్ వైరు (లోపలి తీగల చుట్టూ లోహపు అల్లిక ఉన్నది) కొనుక్కోవడమే మేలు.

పిన్నులు వరుసగా 1, 4, 2, 5, 3. ఈ అంకెలు ప్లాస్టిక్ మీద సన్నగా అచ్చయి ఉంటాయి, భూతద్దంతో చూడండి. నడిమిది 2, అది ఎర్త్. రికార్డర్ వైపు 1, 4 లోపలికి వెళ్లే ఎడమ, కుడి సిగ్నల్; 3, 5 బయటికొచ్చే ఎడమ, కుడి. రేడియో లేదా యాంప్లిఫయర్ వైపు ఇది తిరగబడుతుంది.

సోల్డర్‌తో వైర్లు అతికేటప్పుడు పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది, వంకర పోతాయి. అందుకే ప్లగ్‌ని ఒక పాత సాకెట్‌లో గుచ్చి పెట్టుకుని, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో గబగబా ముగించండి. అంతకుముందే హుడ్‌ని (ప్లగ్ వెనక తొడుగుని) వైరుకి ఎక్కించడం మరవద్దు. తర్వాత పక్కపక్క పిన్నులు కలిసిపోలేదని మల్టీమీటర్‌తో చూసుకోండి.

ఫోన్ నుంచి రికార్డు చేయాలంటే సిగ్నల్ నేరుగా ఇవ్వకూడదు. డిన్ ఇన్‌పుట్ చాలా సున్నితం, శబ్దం పగిలిపోతుంది. 1, 4 పిన్నులకి ఒక్కోదానికి 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో వేయండి. పావు వాటుది హుడ్‌లోనే పట్టేస్తుంది. బయట వేలాడితే హమ్ (గుయ్‌మనే రొద) లాగుతుంది.

స్పీకర్ సాకెట్ వేరే రకం: మధ్యలో ఒక చప్పటి పిన్ను, పక్కన ఒక గుండ్రటిది. గుండ్రటిది పాజిటివ్, చప్పటిది నెగెటివ్. రెండు స్పీకర్లకూ ఇదే వరుస పాటించండి, లేదంటే బాస్ పల్చబడుతుంది.