తోకతో మొదలుపెట్టండి: సొంత గ్యారేజీలో చిన్న విమానం కట్టుకోవడం

అమెరికాలో ఇంటి గ్యారేజీలో రెండు సీట్ల విమానాన్ని కట్టుకుని, దానిని తానే నడుపుకోవడం చట్టం అనుమతించిన అభిరుచి. అక్కడి పౌర విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ ఇలాంటి వాటిని ‘ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్-బిల్ట్’ వర్గంలో చేరుస్తుంది. విమానం పనిలో సగానికి పైగా ఔత్సాహికులే, నేర్చుకోవడం కోసమో వినోదం కోసమో చేసి ఉండాలన్నది ప్రధానమైన షరతు. ఈ రంగంలో అందరూ దీనిని 51 శాతం నియమం అంటారు. 1953లో పాల్ పోబెరెజ్నీ విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇలా కట్టుకునేవారి కోసం ఈఏఏ (ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్) అనే సంఘాన్ని స్థాపించారు. ఇప్పుడు దాని చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, దాదాపు ప్రతి పెద్ద ఊరి పరిసరాల్లోనూ ఉన్నాయి. ఏటా జులై చివరి వారంలో ఆ రాష్ట్రంలోని ఆష్‌కోష్‌లో జరిగే దాని మేళాకు వేల విమానాలు వచ్చి వాలుతాయి. కంప్యూటరు ముందు పనిచేస్తూనే చేతులతో ఒక వస్తువును తయారుచేయాలన్న తపన ఉన్న తెలుగువారు అక్కడ చాలామంది ఉన్నారు కనుక, మొదటి రంధ్రం నుంచి మొదటి ప్రయాణం దాకా ఈ పని ఎలా సాగాలో వారి కోసం వివరిస్తున్నాను.

కిట్టు, అంటే కట్టుకోవడానికి అమ్మే విమాన విడిభాగాల సెట్టు, ధరలు చూడడానికి ముందే మీ వలస హోదాను చూసుకోండి. విమానాన్ని ఒక వ్యక్తి తన పేరున రిజిస్టరు చేయించుకోవాలంటే అమెరికా పౌరసత్వమైనా ఉండాలి, గ్రీన్‌కార్డైనా ఉండాలి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఆ వీలు లేదు. కట్టినవారే ఏటా తనిఖీ చేసుకోవడానికి ఇచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కూ ఇదే షరతు వర్తిస్తుంది. పౌరులు కానివారు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, పైలట్ శిక్షణ మొదలుపెట్టే ముందు రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ నుంచి భద్రతా అనుమతి తీసుకోవాలి. మనవాళ్ల గ్రీన్‌కార్డు వరుస ఎంత పొడవో అందరికీ తెలిసిందే. ఆ వరుసలో ఉన్నవారు కిట్టు కొని పెట్టుకోవడం కంటే, దగ్గరి ఈఏఏ చాప్టరులో మరొకరు కడుతున్న విమానానికి శనివారాలు చేయిసాయం చేస్తూ పని నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం. అలా నేర్చిన పని వృథా పోదు.

విమానం ఎంపికలో సొంత రూపకల్పన జోలికి వెళ్లవద్దు. వందలమంది కట్టి, ఎగరేసి, లోపాలు బయటపెట్టిన నమూనానే తీసుకోండి. ఓరెగాన్ రాష్ట్రంలోని అరోరాలో ఉన్న వాన్స్ సంస్థ వారి ఆర్‌వీ రకాలు ఇప్పటికి 11,000కు పైగా గాలిలోకి లేచాయి. వాటిలో చాలావాటిని గట్టి రివెట్లతో (రేకులను కలిపి పట్టే లోహపు మేకులతో), ఇద్దరు మనుషులు కలిసి కొట్టి బిగించాలి. అదే సంస్థ ఆర్‌వీ-12లోనూ, మిస్సోరీలోని జెనిత్ వారి సీహెచ్ 750లోనూ ఎక్కువ భాగం ఒక్కరే ఒక పక్క నుంచి లాగి బిగించే బ్లైండ్ రివెట్లు ఉంటాయి కనుక, ఒంటరిగా పనిచేసేవారికి అవి అనుకూలం. ఎంచుకున్న నమూనా 51 శాతం నియమానికి సరిపోతుందని ఎఫ్‌ఏఏ తేల్చిన కిట్ల జాబితాలో ఉందో లేదో చూసుకోండి. డబ్బు కట్టే ముందు అదే నమూనాలో ఒక్క గంటైనా ప్రయాణించండి. సీటులో మోకాళ్లు పట్టవని నాలుగేళ్ల పని తరువాత తెలుసుకోవడం కంటే ఆ గంట ఖర్చు చాలా తక్కువ.

కిట్టు మొత్తాన్ని ఒకేసారి కొనకండి. తోక భాగాన్ని విడిగా అమ్ముతారు, దానితోనే మొదలుపెట్టండి. జెనిత్ వారు మిస్సోరీలోని మెక్సికో అనే ఊళ్లో నడిపే రెండు రోజుల వర్క్‌షాపులో పాల్గొన్నవారు సొంతంగా ఒక చుక్కానిని కట్టి ఇంటికి తీసుకువెళతారు. ఆరంభశూరత్వానికి ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష నాకు తెలియదు. తోకలో ఉన్న పనే రెక్కల్లోనూ ఉంటుంది, కాకపోతే అనేక రెట్లు ఎక్కువగా. తోక పూర్తయ్యేసరికి ఈ పని మీ ఒంటికి పడుతుందో లేదో మీకే కాదు, ఇంట్లోవాళ్లకు కూడా తెలిసిపోతుంది. వారానికి ఒక్కరోజు పదిగంటలు చేయడం కంటే, రోజుకు గంటన్నర చొప్పున ఐదు రోజులు చేసేవారి విమానాలే పూర్తవడం నేను చూశాను.

పనిలో అసలు మెలకువ రివెట్ దగ్గర ఉంది కనుక దానిని దగ్గరగా చూద్దాం. రెండు అల్యూమినియం రేకులను కలిపి రంధ్రం చేసి, అవి కదలకుండా క్లీకోలతో (రంధ్రంలో దూర్చి తాత్కాలికంగా పట్టి ఉంచే స్ప్రింగు క్లిప్పులతో) బిగిస్తాం. అంగుళంలో మూడు ముప్పైరెండో వంతు రంధ్రాలకు వెండి రంగువి, ఎనిమిదో వంతు రంధ్రాలకు రాగి రంగువి వాడతాం. రంధ్రం చేశాక రేకులను విడదీసి, అంచున లేచిన సన్నని పదునును రెండు వైపులా తీసివేయాలి. వేలితో నిమిరితే ఏమీ తగలకూడదు. అలాగని లోతుగా గీకి రంధ్రం నోరు వెడల్పు చేయకూడదు. రంధ్రం మధ్య నుంచి రేకు అంచు వరకు రివెట్ వ్యాసానికి కనీసం రెండింతల దూరం ఉండాలి. అంతకంటే తక్కువైతే రేకు అక్కడే చీలుతుంది.

ఇక ఎనిమిదో వంతు అంగుళం రివెట్‌ను దూర్చినప్పుడు దాని కాడ అవతలి వైపు అంగుళంలో పదహారో వంతులు మూడు మేరకు బయటికి కనపడాలి. ఒకరు రివెట్ గన్‌తో తలమీద కొడుతుండగా, మరొకరు వెనుక బకింగ్ బార్ అనే బరువైన ఉక్కు దిమ్మెను సమంగా ఆనించి పట్టుకోవాలి. కొట్టడం పూర్తయ్యాక వెనుక ఏర్పడిన తల వెడల్పు పదహారో వంతులు మూడు, ఎత్తు పదహారో వంతు ఒకటి ఉండాలి. దీనిని కంటితో కాక గేజితో కొలవండి. తల ఒక పక్కకు ఒరిగినా, రేకుల మధ్య సందు మిగిలినా ఆ రివెట్‌ను తీసేయాలి: తలమధ్యలో డ్రిల్లుతో తల మందం మేరకే తొలిచి, పిన్ను పెట్టి తలను విరిచి, వెనుక గట్టి ఆధారం ఉంచి కాడను మెల్లగా బయటికి తట్టాలి. నా మొదటి నెలలో వంకరగా ఉన్న ఒక రివెట్‌ను తొందరపడి తీస్తూ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి పెంచేశాను. ఆ రేకును పక్కన పడేసి కొత్తది తెప్పించుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి అలసిపోయిన రాత్రులు ఏ రివెట్‌నూ తీయలేదు. టేపు అంటించి గుర్తు పెట్టి, మర్నాడు పొద్దున చూసుకునేవాడిని. ‘ఇది ఫరవాలేదులే’ అన్న మాట మనసులో వచ్చిన చోటల్లా ఆగడం ఈ పనిలో మొదట అలవడవలసిన గుణం.

ప్రతిరోజూ చేసిన పనిని తేదీతో, ఫొటోలతో రాసి పెట్టండి. ఫొటోల్లో మీ చేతులు, మీ ముఖం కనిపించాలి, ఎందుకంటే సగానికి పైగా పని ఔత్సాహికులదేనని చివరికి నిరూపించేది అవే. ఈఏఏ చాప్టర్లలో టెక్నికల్ కౌన్సెలర్లు అనే అనుభవజ్ఞులు ఉంటారు. రేకు మూసేస్తే మళ్లీ చూడలేని ప్రతి భాగాన్నీ మూయకముందే వారికి చూపించండి.

ఇంజను బిగించే దశకు వచ్చాక ఇంధన మార్గం మీద మీ శ్రద్ధనంతా పెట్టండి. అమెచ్యూర్ విమానాల ప్రమాదాలపై అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో వెలువరించిన అధ్యయనంలో ఇంజను శక్తి కోల్పోవడం, గాలిలో అదుపు తప్పడం ముందు వరుసలో నిలిచాయి. ట్యాంకు లోపల మిగిలిపోయే అల్యూమినియం పొడి, సీలెంట్ ముక్కలు ఫిల్టరును మూసేస్తాయి కనుక ట్యాంకును పెట్రోలుతో పలుసార్లు కడిగి వడకట్టండి. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టకండి, దాని పోగులు కార్బురేటర్ దాకా వెళతాయి. తరువాత ప్రవాహాన్ని కొలవండి. 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ ఇంజను టేకాఫ్‌లో గంటకు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో వచ్చే ఇంధనం దానికి 125 శాతం, పంపు లేకుండా ఎత్తు మీది నుంచి దానంతటదే దిగే ఇంధనం 150 శాతం ఉండాలి. అంటే విమానం ముక్కును ఎక్కే కోణంలో పైకెత్తి, ట్యాంకులో కొద్దిపాటి ఇంధనమే ఉంచి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి పట్టుకుంటే, ఐదు నిమిషాల్లో పంపుతో సుమారు 2.8 లీటర్లు, పంపు లేకుండా సుమారు 3.4 లీటర్లు పాత్రలో పడాలి. పడకపోతే కారణం దొరికేవరకు ఇంజను స్టార్టు చేయవద్దు. ఈ పరీక్షను ఆరుబయట, నిప్పు దరిదాపుల్లో లేని చోట, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకుని చేయాలి.

తూకం వేయడం సులువే గాని తప్పకూడని పని. విమానాన్ని సమతలంగా నిలిపి, మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టండి. ఉదాహరణకు ముక్కు చక్రం ఆధార రేఖకు (దూరాలన్నీ కొలవడానికి ఎంచుకున్న ఊహా రేఖకు) 30 అంగుళాల దూరాన 150 పౌన్లు, వెనుక చక్రాలు 80 అంగుళాల దూరాన ఒక్కొక్కటి 300 పౌన్లు చూపాయనుకోండి. బరువును దూరంతో గుణించి కూడితే 52,500. దానిని మొత్తం బరువు 750తో భాగిస్తే గురుత్వ కేంద్రం 70 అంగుళాల దగ్గర ఉన్నట్టు. పైలట్, ప్రయాణికుడు, సామాను, నిండు ట్యాంకు, ఖాళీ ట్యాంకు అన్నీ కలిపి ఇదే లెక్క మళ్లీ మళ్లీ వేయాలి. కేంద్రం వెనుక హద్దు దాటిన విమానం స్టాల్ (రెక్కలు పైకెత్తే బలాన్ని కోల్పోయే స్థితి) నుంచి తేరుకోలేకపోవచ్చు.

కాగితాల పని విసుగు పుట్టించేదే గాని కష్టమైనది కాదు. ఎన్‌తో మొదలయ్యే నంబరు తీసుకుని రిజిస్ట్రేషన్ చేయించాలి. నిప్పుకు కరగని లోహపు పలక మీద కట్టినవారి పేరు, నమూనా, సీరియల్ నంబరు చెక్కించి బిగించాలి. లోపలికి ఎక్కేచోట ‘ఎక్స్‌పెరిమెంటల్’ అన్న మాట కనీసం రెండు అంగుళాల అక్షరాలతో ఉండాలి. ఎఫ్‌ఏఏ ప్రతినిధి వచ్చేసరికి తనిఖీ మూతలన్నీ తీసి ఉంచండి. ఆయన విమానం చూసి సర్టిఫికెట్‌తోపాటు నడపవలసిన పరిమితులను కూడా రాతపూర్వకంగా ఇస్తారు. వాటిని ఒకటికి రెండుసార్లు చదవండి.

ఇదంతా జరుగుతున్న ఏళ్లలో చాలామంది చేసే పొరపాటు ఎగరడం మానేయడం. లైసెన్సుకు స్పోర్ట్ పైలట్‌కైతే కనీసం 20 గంటలు, ప్రైవేట్ పైలట్‌కైతే కనీసం 40 గంటల అనుభవం కావాలి; ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. లైసెన్సు చేతికొచ్చాక డబ్బంతా కిట్టుకే పెట్టి, మూడేళ్లు నేల మీదే ఉండి, మొదటి ప్రయాణం రోజున తుప్పు పట్టిన చేతులతో కొత్త విమానం ఎక్కేవారిని చూస్తే నాకు గుండె దడ. నెలకు రెండు గంటల అద్దె విమానం ఖర్చును కిట్టు ఖర్చులో భాగంగానే లెక్కవేసుకోండి. మొదటి ప్రయాణానికి ముందు నెలలో అదే నమూనాలో అనుభవమున్న శిక్షకుడితో కొన్ని గంటలు తప్పకుండా ఎగరండి.

మొదటి ప్రయాణానికి ముహూర్తం పెట్టకండి. పూజ చేయించాలనుకుంటే ముందు వారమే చేయించండి. కొబ్బరికాయ కొట్టిన గంటకే లేవాలన్న ఒత్తిడి, చూడడానికి వచ్చిన బంధువుల ఒత్తిడి పైలట్ నిర్ణయాన్ని మార్చేస్తాయి. గాలి నెమ్మదిగా ఉన్న తేట ఉదయాన, విమానం గురించి తెలిసిన ఒకరిద్దరిని రేడియోతో కింద ఉంచుకుని బయల్దేరండి. రన్‌వేకు సరిగ్గా పైననే ఎత్తుకు ఎక్కి, ఇంజను ఆగినా జారుతూ వచ్చి దిగగలిగే దూరంలోనే తిరగండి. ఉష్ణోగ్రతలు, ఆయిల్ ప్రెషర్ చూస్తూ ఇరవై ముప్పై నిమిషాలు గడిపి దిగితే చాలు. దిగాక కౌలింగ్ (ఇంజను మీది మూత) విప్పి ప్రతి పైపునూ, ప్రతి నట్టునూ చూడాలి.

ఆ తరువాత మొదటి దశ పరీక్షలు ఉంటాయి. ఇంజను, ప్రొపెల్లరు జంట ప్రమాణీకృతమైనదైతే సాధారణంగా 25 గంటలు, కాకపోతే 40 గంటలు, నిర్దేశించిన ప్రాంతంలోనే, సరదా ప్రయాణికులెవరూ లేకుండా నడపాలి. వీటిని గంటలు నింపే తతంగంగా చూడకండి. ఎక్కే వేగం, స్టాల్ వేగం, ఇంధన వినియోగం, పూర్తి బరువుతో ప్రవర్తన, ఇవన్నీ మీ విమానానికి మీరే కొలిచి పుస్తకంగా రాసుకునే కాలమిది. స్టాల్ పరీక్షలను తగినంత ఎత్తులోనే చేయండి. పరీక్షలు ముగిశాక లాగ్‌బుక్‌లో విమానం అదుపులో ఉందని, ప్రమాదకర లక్షణాలు లేవని రాసి సంతకం పెడితేనే మీ ఇంట్లోవారిని పక్క సీటులో కూర్చోబెట్టే హక్కు వస్తుంది.

రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఉంటే ప్రతి 12 నెలలకోసారి తనిఖీ మీరే చేయవచ్చు. మొదటి ఏడాది తనిఖీలో ఎగ్జాస్టు పైపు వెల్డింగుల దగ్గర నెర్రెలనూ, ఇంజను మౌంటు బోల్టుల మీది టార్క్ గుర్తులు (బిగింపు సడలితే తెలిసేలా గీసిన రంగు గీతలు) కదిలాయేమోనన్నదీ ముందుగా చూడండి. ఆయిల్ ఫిల్టరును కోసి, మడతలు విప్పి, ఎండలో పట్టుకుని లోహపు రజను మెరుస్తుందేమో పరిశీలించండి.