ఏళ్ల తరబడి ఆగిన పెట్రోల్ ఇంజన్‌ను మళ్లీ తిప్పడం

ముందు తాళం చెవి జోలికి వెళ్లకండి. పొడిబారిన సిలిండర్లలో పిస్టన్ రింగులు తుప్పుతో గోడలకు అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు స్టార్టర్ బలవంతంగా తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి.

స్పార్క్ ప్లగ్‌ల చుట్టూ ఉన్న దుమ్మును గాలితో ఊది, తర్వాతే విప్పండి. ఒక్కో సిలిండర్‌లో 10 మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ కింది భాగంలో బెల్టు తిరిగే చక్రం) బోల్టుకు స్పానర్ పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పండి. పట్టేస్తే పొడుగు పైపు తగిలించి లాగొద్దు. మళ్లీ ఆయిల్ పోసి రెండు మూడు రోజులు ఆగండి. ఇక్కడ ఓపికే ఇంజన్‌ను కాపాడుతుంది.

పాత పెట్రోల్ వార్నిష్ వాసన వేస్తుంది, రంగు ముదురుతుంది. దాని జిగురు ఇంజెక్టర్లను మూసేస్తుంది కాబట్టి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి పెట్రోల్ ఫిల్టర్ మార్చండి. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, కూలెంట్ కూడా కొత్తవే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి, ఎలుకల గూడు దొరకొచ్చు. టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో సమన్వయంగా నడిపే బెల్టు) ఉంటే, పగుళ్లు లేకపోయినా మార్చాల్సిందే: తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి.

ప్లగ్‌లు బిగించకముందే, ఫ్యూయల్ పంపు, ఇగ్నిషన్ ఫ్యూజులు తీసి, ప్లగ్ రంధ్రాలపై గుడ్డ కప్పి, డ్యాష్‌బోర్డులోని ఆయిల్ లైటు ఆరేదాకా పది సెకన్ల చొప్పున స్టార్టర్‌తో తిప్పండి. అన్నీ బిగించి స్టార్ట్ చేశాక మొదట్లో వచ్చే నీలం పొగ మీరు పోసిన ఆయిలే. ఆయిల్ లైటు ఐదు సెకన్లలో ఆరకపోతే వెంటనే ఆపేయండి.